‘చప్ప’ అని రాసిన చెయ్యి

పోయిన వారం చప్పమ్మని రుచుల గదిలో, రెండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఏడు రోజులుగా ఆవిడ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. ఇక దింపనిద్దాం.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. బీరు ఫ్యాక్టరీలో తయారైన సరుకు బయటికి పోయే ముందు దాన్ని రుచి చూసి మంచిచెడ్డలు రాసే ఐదుగురిలో ఈవిడ పెద్ద. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. నచ్చని సరుకు మీద ఎప్పుడూ ఒకే ఒక్క మాట రాసేది: ‘చప్ప’. ఆ మాటే చివరికి ఆవిడకి పేరై కూర్చుంది. ఆవిడ అక్క మొగుడు, అంటే బావ, ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో బీరు కాచే పెద్ద మేస్త్రీ. పన్నెండేళ్ళ కిందట ఆయన ఒక లైట్ బీరు కాచాడు. క్యాలరీలు తక్కువ, మత్తు తక్కువ, పథ్యం చేసేవాళ్ళు కూడా తాగొచ్చు. చప్పమ్మ దాని మీద తన మాట రాసింది. ఐదుగురిలో ఈ పెద్దావిడ కాదంటే మిగతా నలుగురి మాటా చెల్లదు. ట్యాంకెడు బీరు మురిక్కాలవ పాలైంది. వారం తిరక్కుండా బావ ఉద్యోగానికి ఓ దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు.

ఇప్పుడు బావ కూతురు అదే ఫ్యాక్టరీలో, అదే ట్యాంకుల దగ్గర పనికి చేరింది. అందరూ చిన్న మేస్త్రీ అంటారు. ఆ పిల్ల సొంతంగా కాచిన మొదటి సరుకు ఇవాళే పరీక్షకి వచ్చింది. అదీ లైట్ బీరే.

రుచుల గది అంటే ఏదో గొప్పగా ఊహించుకోకండి. ఒకరి మొహం ఒకరికి కనబడకుండా చెక్క అడ్డాలు పెట్టిన ఐదు అరలు. ఒక్కో అరలో చిన్న సింకు, గ్లాసుడు మంచినీళ్ళు, ఉప్పులేని బిస్కెట్లు రెండు, ఒక పెన్సిలు. రంగు చూసి మోసపోకుండా పైన ఎర్ర బల్బు. గ్లాసుల మీద పేర్లుండవు, అంకెలే. మాట్లాడకూడదు, సెంటు పూసుకుని రాకూడదు, కాఫీ తాగి అసలే రాకూడదు. ఈ రూళ్ళన్నీ రాసింది చప్పమ్మే.

రెండో గ్లాసు మీద 583 అని ఉంది.

దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే ఆవిడ చెయ్యి ఎందుకు ఆగిందంటే, ఆ వాసన అక్కడ ఉండాల్సింది కాదు. లైట్ బీరు వాసన ఆవిడకి కొత్త కాదు. తడిసిన అట్టపెట్టె, ఉడికిన మొక్కజొన్న, మహా అయితే కాస్త రొట్టె. దీంట్లో మాత్రం అప్పుడే కోసిన గడ్డి, నిమ్మతొక్క గిల్లితే చిమ్మే ఘాటు, వాటి వెనక పేరు తెలియని తెల్లపువ్వులేవో ఉన్నాయి. ఇంత పలచని బీరుకి ఇంత వాసన ఎక్కడిదబ్బా అనుకుంది.

ఒక గుక్క తాగింది. నాలుక మీద బరువే లేదు. సన్నటి గ్యాసు చిటపటలాడుతూ లోపలికి జారింది, పువ్వుల వాసన గొంతులోంచి మళ్ళీ పైకి వచ్చింది, ఇంకో గుక్క అడిగింది. మామూలు బీరులో తప్పు జరిగితే దాక్కోడానికి తీపి ఉంటుంది, మత్తు ఉంటుంది. లైట్ బీరులో తీపిని ఈస్టు తినేస్తుంది, మత్తు మనమే తగ్గిస్తాం, ఇక మేస్త్రీ చేతగానితనానికి చాటు దొరకదు. ఈ గ్లాసులో మేస్త్రీకి చాటు అక్కర్లేదు. ఆవిడకి ముచ్చటేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో లైట్ బీరు తాగి ముచ్చటపడటం ఇదే మొదటిసారి.

తరవాత కొత్తగా చేరినవాళ్ళకి తను నేర్పే పనే తనూ చేసింది. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని ఇంకో గుక్క తాగింది. రుచిలో నాలుకకి వచ్చేదెంత, ముక్కుకి వచ్చేదెంత అని విడదీసి చూడ్డానికి అదొక పద్ధతి.

నాలుక అంచున రవ్వంత పులుపు. తరవాత నీళ్ళు. ఆఖర్న మాత్ర మింగితే గొంతులో అంటుకునేపాటి చేదు. అంతే.

చప్పదనంలో కూడా రకాలుంటాయని ఆవిడ కొత్తవాళ్ళకి చెబుతూ ఉంటుంది. నీళ్ళెక్కువైన చప్ప వేరు, పాతబడిన చప్ప వేరు, ఈస్టు సగంలో నిద్రపోతే వచ్చే చప్ప వేరు. ఒకసారి ఆవిడ నాలుక మీద పడ్డ రుచి ఎన్నేళ్ళైనా చెరగదు. ఇప్పుడు ముక్కు మూసుకుని తాగిన ఈ చప్ప, ఈ పులుపూ ఈ నీళ్ళూ ఈ మాత్ర చేదూ, ఆవిడ జన్మలో ఒకే ఒక్కసారి ఎరుగును. పన్నెండేళ్ళ కిందట, ఇదే అరలో.

ముక్కు మీంచి వేళ్ళు తీసింది. పువ్వుల వాసన గుప్పుమంది. 

ఆ రోజు ఆవిడకి జలుబు. ఒట్టి జలుబు కాదు, నోటితో తప్ప ఊపిరి ఆడని జలుబు. జలుబు చేసినవాళ్ళు రుచికి కూచోకూడదన్నది మొదటి రూలు. కాగితం మీద మొట్టమొదటి ప్రశ్నే అది. కానీ అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా కూచున్న మనిషి. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని గొప్పగా చెప్పుకునేవారు, ఆవిడ పైకి ఛ ఛ అంటూ లోపల మురిసేది. ఆ వరస తెగిపోతుందని ‘జలుబు లేదు’ అని రాసి కూచుంది. నాలుక ఉందిగా, చాలు అనుకుంది. ఆ తరవాత కూడా, ఎప్పుడైనా మనసు పీకితే, ఎలాగూ ఆ సరుకు చప్పగానే ఉండి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. పన్నెండేళ్ళు బాగానే సర్దుకుపోయింది మనసు.

ఇవాళ గ్లాసు ఎదురుగా పెట్టుకుని ఆ మాట చెప్పుకోవడానికి వీల్లేకపోయింది. ఆ బీరు ప్రాణమంతా వాసనలో ఉంది. ఆవిడ ముక్కు లేకుండా వెళ్ళి దాని మీద తీర్పు రాసింది.

మిగతా నలుగురూ కాగితాలు ఇచ్చేసి వెళ్ళారు. చప్పమ్మ తన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. నడవాలో, గ్లాసులు కడిగే తొట్టి దగ్గర, చిన్న మేస్త్రీ నిలబడి ఉంది. గోళ్ళు కొరుక్కుంటోంది.

“ఏంటి పిన్నీ అలా ఉన్నావు? ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. 583 నీదేనా?”

పిల్ల గతుక్కుమంది. “అడక్కూడదుగా! నువ్వే కదా రూలు పెట్టింది.”

“నేను పెట్టిన రూళ్ళ సంగతి నాకు చెప్పకు. నీదేనా?”

“నాదే.” చిన్న మేస్త్రీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “అంటే, నాది కాదు. నాన్నది. ఆయన పాత నోటుబుక్కులో చూసి చేశాను. ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది పిన్నీ. కింద నీ మాట రాసుకున్నాడు, చప్ప అని. నాకేమో చదువుతుంటేనే నోరూరింది. చేదు కోసం వేసే హాప్ పువ్వు ఉందా, దాన్ని కాచేటప్పుడు కాకుండా అంతా చల్లారాక ట్యాంకులో వేశాడు. చేదు దిగదు, వాసన మాత్రం దిగుతుంది. ఒంట్లో ఏమీ లేని బీరుకి వాసనతో ఒళ్ళు తెప్పించాడు. ఇంత తెలివైన పని చప్పగా ఎలా వచ్చిందో చూద్దామని చేశాను. అప్పుడు హాప్ పాతదేమో, ఏమైందో మరి.”

“హాప్ మంచిదే,” అంది చప్పమ్మ.

“నీకెలా తెలుసు?”

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. “నాకో సీసా కావాలి,” అంది.

“ఎందుకు?” అంటూనే పిల్ల లోపలికి పోయి, లేబులు కూడా అంటించని గోధుమరంగు సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. “నాన్నకి మాత్రం చెప్పకేం. ఆ పేజీ ముట్టుకున్నానని తెలిస్తే ఇంట్లోకి రానివ్వడు. పిన్నీ, కాగితం ఐదింటిలోపు ఇచ్చెయ్యి. ఇవాళ కూచుందే ఐదుగురు. ఒక్కరిది తగ్గినా చెల్లదు. రేప్పొద్దున ఆ ట్యాంకు వేరే సరుక్కి కావాలట, తేలకపోతే వంపేస్తామన్నారు.”

వంపేస్తారు అన్న మాట చప్పమ్మకి చెంప మీద తగిలినట్టు తగిలింది. సీసాని చేతిరుమాల్లో చుట్టుకుని గేటు దాటింది. అప్పటికి మూడు దాటింది.

బావ ఇల్లు బస్సులో రెండు స్టాపుల దూరం. ముందు గదిలో సోడా షాపు. గ్యాసు సిలిండరు, సోడా పట్టే మిషను, గోడవారగా సీసాల అరలు. లోపలి గదిలోంచి కుట్టుమిషను చప్పుడు. అక్క పొద్దున కూచుంటే దీపాలు పెట్టేదాకా ఆ చప్పుడు ఆగదు. అక్కాచెల్లెళ్ళకి మాటలున్నాయి. పిల్ల పెళ్ళి, మోకాళ్ళ నొప్పులు, పక్కింటివాళ్ళ కుక్క, అన్నీ మాట్లాడుకుంటారు. ఆ ఒక్క విషయం తప్ప.

“ఓహో, ఎవరొచ్చారు! మరదలు పిల్ల!” అన్నాడు బావ. యాభై ఆరేళ్ళ మనిషిని ఇంకా మరదలు పిల్ల అనేవాడు లోకంలో ఆయనొక్కడే. “ఏం పట్టమంటావు? నిమ్మా, అల్లమా? ఏదిచ్చినా నువ్వనే మాట ఒకటేలే.”

మామూలుగా అయితే ఆవిడ ఒకటికి రెండు తగిలించేది. ఇవాళ ఊరికే స్టూలు మీద కూచుంది. ఎసెన్సు సీసాల మీద వేలెడేసి అక్షరాలతో నిమ్మ, నారింజ, అల్లం అని కాగితాలు అంటించి ఉన్నాయి. బావ ఒకటి తీసి, పేరు చదువుకుని, చుక్కలు లెక్కపెట్టి వేశాడు. మూత పెట్టేసి, ఇంకోసారి పేరు చదువుకున్నాడు. ఈ చాదస్తం ఆవిడ ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది. ఒక్కసారి కూడా ఆయన ఆ సీసాని ముక్కు దగ్గర పెట్టుకోలేదన్న సంగతి మాత్రం ఇవాళే కంటబడింది. ఎన్ని ట్యాంకుల బీరునో ఒట్టి వాసనతో గుర్తుపట్టిన మనిషి నిమ్మకీ నారింజకీ తేడా కాగితం మీద చదువుకుంటున్నాడు.

“రెండు గ్లాసులు తియ్యి బావా,” అంది చేతిరుమాలు విప్పుతూ.

“ఏంటిది? పట్టపగలు మరదలొచ్చి బీరు తాగుదామంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారే?”

“లైట్ బీరు. ఎవరూ ఏమీ అనుకోరు.”

లైట్ అనేసరికి బావ నవ్వు సగంలో ఆగింది. అయినా గ్లాసులు తీశాడు. సోడా పట్టే చెయ్యి కదా, నురగ పొంగకుండా వారగా పోశాడు. పలచటి పసుపు రంగు, మీద తెల్లగా రెండు వేళ్ళ నురగ. గ్లాసు ఎత్తి కషాయం తాగినట్టు గటగటా సగం తాగేశాడు.

“ముందు వాసన చూడు బావా.”

“ఎవరి ముక్కుతో?” అన్నాడు నవ్వుతూనే. “నా ముక్కు పోయి పన్నెండేళ్ళయింది. చెప్పింది నువ్వే కదే.”

“నేనెప్పుడు చెప్పాను?”

“నోటితో చెప్పలేదులే, కాగితం మీద రాశావు.” గుడ్డ తీసుకుని గల్లా బల్ల తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది. “నా లైట్ బీరు గుర్తుందా? ఆ ట్యాంకు మూత తీసినప్పుడల్లా నాకు పూలతోటలో నిలబడ్డట్టుండేది. ఇంత మంచిది నేను ఇంతకు ముందు చెయ్యలేదనుకున్నాను. నువ్వు చప్ప అని రాశావు. ఇంకెవరైనా రాస్తే కొట్లాడేవాణ్ణి. నువ్వు రాశావు కాబట్టి నమ్మాను. నాకు పూలతోటలా ఉన్నది నీకు చప్పగా ఉందంటే తప్పు నా ముక్కుదే. ఇంకేం చెయ్యను చెప్పు? ముక్కు పోయిన మేస్త్రీ ట్యాంకు దగ్గర ఉండకూడదు. మర్యాదగా నేనే దిగిపోయాను.”

చప్పమ్మ అనుకున్నది వేరు. బావకి కోపమొచ్చి వెళ్ళిపోయాడనుకుంది ఇన్నాళ్ళూ. పంతం అనుకుంది. ముక్కు మీద కోపం మనిషి, రెండేళ్ళకి దిగొస్తాడులే అనుకుంది. కోపమైనా బాగుండేది. ఆయన తనని నమ్మాడు. తన మాట నమ్మి సొంత ముక్కుని కాదనుకున్నాడు. అంతకన్నా చెప్పు తీసుకుని కొట్టి ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదు.

“బావా, ఆ రోజు నాకు జలుబు.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. “ఏ రోజు?”

“నీ బీరు చూసిన రోజు. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నాకేమీ తెలియలేదు. జలుబు లేదని రాసి కూచున్నాను. ఒక్క రోజు కూడా మానని మనిషినని పేరు కదా, అది పోతుందని. ఇవాళ మీ అమ్మాయి అదే బీరు కాచింది, నీ పుస్తకంలో చూసి. ముక్కు మూసుకుని తాగాను. అచ్చం ఆనాటి చప్పే. ముక్కు వదిలితే...” ఆవిడ గ్లాసు ఆయన వైపు జరిపింది. “నీ ముక్కు పోలేదు బావా. పోయింది నాది. తప్పంతా నాది.”

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. బావ గుడ్డ పక్కన పెట్టాడు. లోపల కుట్టుమిషను టకటకమంటూనే ఉంది. తరవాత మెల్లిగా గ్లాసు ఎత్తి, జీవితంలో మొదటిసారి ఆ పని చేస్తున్నట్టు భయం భయంగా, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. భుజాలు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగాయి.

“గడ్డి,” అన్నాడు. ఇంకో ఊపిరి పీల్చాడు. “నిమ్మతొక్క.” మూడోసారి పీల్చాడు గానీ పేరు చెప్పలేకపోయాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

“వాసనలు తెలుస్తూనే ఉండేవి మరదలా,” అన్నాడు కాసేపటికి. “తెలియక కాదు. నమ్మడం మానేశాను. పాలు విరిగితే విరిగాయని తెలిసేది. కానీ నాకు తెలిస్తే ఏం లెక్క, నా ముక్కు మాట ఎవడు వింటాడు అని ఊరుకునేవాణ్ణి. పన్నెండేళ్ళు. నలభై ఆరేళ్ళప్పుడు ఇంటికొచ్చాను నేను. చెయ్యాల్సిన బీర్లు ఎన్ని ఉన్నాయో తెలుసా బుర్రలో?”

ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. క్షమించమని అడగాలని వచ్చింది బస్సులో. ఇప్పుడు అడగడానికి కూడా సిగ్గేసింది.

“వెళ్ళి చెప్పేస్తాను బావా. ఇప్పుడే వెళ్ళి మేనేజరుకి అంతా రాసిస్తాను. నీ ముక్కుకి ఏ లోపం లేదని అందరికీ తెలియాలి.”

“రాసిస్తే నిన్ను ఏం చేస్తారు?”

“తీసేస్తారు. తియ్యాలి కూడా.”

“ఇవాళ్టి నీ కాగితం?”

చప్పమ్మ తలెత్తింది. ఆ సంగతి బస్సులో ఆలోచించలేదు. జలుబు దాచి కూచున్న మనిషని ఇవాళ తేలినా రేపు తేలినా ఆవిడ కాగితం చెల్లదు. ఆవిడది పోతే మిగిలేవి నాలుగు. నాలుగైతే సరుకు తేలనట్టే. రేపు పొద్దున ట్యాంకు వంపేస్తారు. ఈ బీరు రెండోసారి కూడా ఆవిడ చేతి మీదుగానే కాలవలోకి పోతుంది. పోనీ నోరు మూసుకుని మంచి మార్కులు రాసిచ్చిందా, పిల్ల బీరు బతుకుతుంది, బావ మాత్రం ముక్కు పోయి దిగిపోయిన మేస్త్రీగానే మిగిలిపోతాడు.

“ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు,” అన్నాడు బావ. “ఈ బీరు బాగుందా? లేకపోతే నా మీద జాలితో బాగుందా?”

బాగుంది అని వెంటనే అనబోయి ఆగిపోయింది. మొదటి గుక్క తాగినప్పుడు ముచ్చటేసింది, అది నిజం. కానీ ముక్కు మీంచి వేళ్ళు తీశాక తను రుచి చూసిందా, పశ్చాత్తాపపడిందా? ఆవిడ ఎంత వెతుక్కున్నా తేలలేదు.

“చూశావా,” అన్నాడు ఆయన. కోపం లేదు ఆ గొంతులో, ఉన్నా బావుండును. “ఇవాళ కూడా నీ ముక్కు మూసుకుపోయే ఉంది. ఆ రోజు జలుబు, ఇవాళ జాలి. ఇంటికి పో. నా పేరు కోసం పిల్ల కడుపు కొట్టకు. కాగితం మీద నీకు తోచింది రాసి ఐదింటిలోపు ఇచ్చెయ్యి. జలుబు సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనీ. ఇంకెవరికైనా తెలుసా?”

“ఎవరికీ తెలీదు,” అంది చప్పమ్మ.

కుట్టుమిషను ఆగిపోయింది.

గుమ్మంలో అక్క నిలబడింది. మెళ్ళో కొలతల టేపు వేలాడుతోంది, పెదాల మధ్య గుండుసూది. దాన్ని తీసి రవికకి గుచ్చుకుంది.

“అబద్ధం ఎందుకే? నాకు తెలుసుగా,” అంది చెల్లెలితో. తరవాత మొగుడి వైపు తిరిగింది. “ఆ వారం ఇది మనింట్లోనే ఉంది, గుర్తుందా? ఆ పొద్దున దుప్పటి కప్పి ఆవిరి పట్టింది నేనే. ఈ జలుబుతో ఎలా కూచుంటావే అని అడిగింది కూడా నేనే. సాయంత్రం మీరు వచ్చి చప్ప అని రాసిందని చెప్పారు. నాకు అప్పుడే అర్థమైంది.”

“అక్కా, నువ్వు లోపలికి వెళ్ళు,” అంది చప్పమ్మ. ఆవిడ పన్నెండేళ్ళుగా దాచింది తన తప్పొక్కటే కాదు మరి.

“వెళ్ళను. ఇన్నాళ్ళూ లోపల కూచుంది చాలు.”

బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “తెలిసి, నాకెందుకు చెప్పలేదు?”

అక్క టేపు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

“పెళ్ళైన రోజు నుంచీ నేను వండినదానికి మీ ముక్కు వంక పెడుతూనే ఉంది. గుమ్మంలోకి అడుగు పెట్టకముందే ఇంగువ ఎక్కువైందనీ, ఉల్లిపాయ మాడిందనీ, నూనె పాతదనీ. నిజమే చెప్పేవాళ్ళు, ఎప్పుడూ మీదే నిజం. ఆ ముక్కు ఒక్కసారి ఓడిపోతే చూడాలనిపించిందండీ. ఒక్క సాయంత్రం. మర్నాడు పొద్దున చెప్పేద్దామనే పడుకున్నాను. పొద్దున మీరు టిఫిను తిని, బాగుంది అన్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి. ఇంకొక్క రోజు విందామని ఆగాను. ఆ వారమే మీరు ఉద్యోగం మానేసి వచ్చారు. ఇంక నోరు ఎలా విప్పను?”

అక్క గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చింది.

“ఆ తరవాత పన్నెండేళ్ళు ఏం పెట్టినా బాగుందే అన్నారు. మాడింది పెట్టాను, బాగుందన్నారు. ఉప్పు వెయ్యకుండా పెట్టాను, కావాలనే, ఒక్కసారి తిడతారేమోనని. అదీ బాగుందన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం పోయేది.” అక్క మెళ్ళోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. “చెల్లి తప్పు ఒక పూటది. నాది పన్నెండేళ్ళది.”

అప్పుడు మోగింది ఫోను. చప్పమ్మది, బల్ల మీద, రెండు గ్లాసుల మధ్య. ఫోను మీద చిన్న మేస్త్రీ బొమ్మ వెలుగుతోంది. గోడ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. చప్పమ్మ చెయ్యి చాపేలోపే బావ ఫోను అందుకున్నాడు.

“పిన్నీ, ఎక్కడున్నావు? కాగితం కోసం మేనేజరు రెండుసార్లు అడిగాడు,” అన్న గొంతు గదిలో అందరికీ వినబడింది.

“పిన్ని కాదు, నేను,” అన్నాడు బావ.  “మీ పిన్ని ఇక్కడే ఉంది. మీ అమ్మా ఇక్కడే ఉంది.”

“నాన్నా... అది... నీ పుస్తకం... నేను చెబుదామనే...”

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. చప్పమ్మ వైపు చూశాడు. సగం మిగిలిన గ్లాసు ఎత్తి మరోసారి వాసన చూశాడు, ఈసారి భయం లేకుండా, ట్యాంకు దగ్గర నిలబడ్డప్పటిలా నిదానంగా. కనుబొమలు దగ్గరికొచ్చాయి.  ఆ కనుబొమలు అలా ముడిపడితే ఏమిటో ఫ్యాక్టరీలో పాతవాళ్ళందరికీ తెలుసు. ఆయనకి ఏదో తప్పు దొరికింది.

“మీ మేనేజరు పక్కనే ఉన్నాడా?” అన్నాడు బావ ఫోనులో. “ఉంటే ఇవ్వు.”

(మిగతాది వచ్చే వారం)